గేటు దాటితే పాలసీ ఆగిపోతుంది: సొంత బండి విదేశానికి తీసుకెళ్లేవాళ్లు ముందే చేయాల్సిన పనులు

జడ్చర్లలో 44వ నంబరు హైవే ఎక్కి ఉత్తరానికి పోతే నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా దాదాపు 1,600 కిలోమీటర్లకు సునౌలీ వస్తుంది. అక్కడి దాకా మీ బండి అరలో ఉన్న పాలసీ పనిచేస్తుంది. గేటు దాటి నేపాల్ వైపు బెలహియాలో చక్రం పెట్టారంటే, ముందే చెప్పి అదనపు ప్రీమియం కట్టి ఉంటే తప్ప, అది ఉత్త కాయితమే. ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఫికర్ లేదు’ అని ఏజెంటు చెప్పే మాట ఇండియా లోపలికే వర్తిస్తుంది.

విదేశానికి బండి పోతుందంటే అది నాలుగు చోట్ల నుంచి పోతుంది: మన రోడ్డు, ఓడ, అక్కడి రోడ్డు, అక్కడి కస్టమ్స్ ఆఫీసు. ఒక్కోదానికి ఒక్కో కాయితం ఉంటుంది. ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే సందులోనే జనం లక్షలు పోగొట్టుకుంటారు. కింద చెప్పే పనులన్నీ ఆ సందులు మూయడానికే. నేపాల్, భూటాన్‌కైతే నెల ముందు మొదలుపెట్టండి. ఓడ ఎక్కించాల్సిన ప్రయాణమైతే కనీసం నాలుగు నెలల ముందు.

తీసుకెళ్లాలా వద్దా, ముందు అది తేల్చుకోండి

ఉద్యోగానికి పోతూ బండిని కూడా తీసుకుపోదామనుకునేవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి. అమెరికా భద్రతా ప్రమాణాలకు తయారుకాని బండికి 25 ఏళ్లు నిండితే తప్ప అక్కడ శాశ్వతంగా దించుకోవడం దాదాపు అసాధ్యం. అక్కడ నివాసం లేని వ్యక్తి సొంత వాడకానికి తీసుకెళ్తే ఏడాది మినహాయింపు ఉంది. ఆ ఏడాదిలోపు బండి ఆ దేశం విడిచి వెళ్లిపోవాలి, అక్కడ అమ్మకూడదు. యూఏఈలో కుడివైపు స్టీరింగ్ బండికి స్థానిక రిజిస్ట్రేషన్ ఇవ్వరు. ఆస్ట్రేలియాలో స్థిరపడడానికి తీసుకెళ్తుంటే, బండి ఓడ ఎక్కకముందే దిగుమతి అనుమతి చేతిలో ఉండాలి. దించాక అప్లై చేద్దామంటే బండి పోర్టులోనే ఉండిపోతుంది, రోజుకింత అని కిరాయి పెరుగుతుంది.

ఉద్యోగానికి, చదువుకు పోయేవాళ్లకు బండి ఇక్కడే అమ్మి వెళ్లడం అన్నివిధాలా మేలు. ఇక మిగతాదంతా టూరుకు పోయి, అదే బండి మీద తిరిగి వచ్చేవాళ్ల కోసం.

ఇంకో మాట. పసుపు ప్లేటు ట్యాక్సీకి నియమాలు, ఫీజులు వేరు. ఇక్కడ చెప్పేది తెల్ల ప్లేటు సొంత బండి సంగతి.

ఇంట్లో కూర్చుని చేసే పని: పేరు, నంబరు సరిచూడడం

మన దగ్గర ఎక్కువ చిక్కులు ఇంటిపేరుతోనే వస్తాయి. ఆర్సీలో ‘కె. శ్రీనివాస్ రెడ్డి’ అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాసి ఉంటుంది, లైసెన్సులో ఇంకో రకంగా ఉంటుంది. నల్లగొండ ఆర్టీఏ ఆఫీసులో ఇది ఎవరికీ సమస్యగా కనిపించదు. పరాయి దేశపు కస్టమ్స్ అధికారికి మాత్రం ఆ మూడూ ముగ్గురు మనుషులే. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఆర్సీ, లైసెన్సు, పాలసీ మూడింటిలోనూ పేరు మార్పించుకోవడం మంచి దారి. టైం లేకపోతే ‘ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి’ అని నోటరీ అఫిడవిట్ ఇంగ్లీషులో చేయించుకుని ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. పాలసీలో పేరు మార్పును మాత్రం అఫిడవిట్‌కు వదిలేయకండి. కంపెనీకి రాసి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే మార్పు పత్రం, తీసుకోండి.

బండి నాన్న పేరు మీద, నడిపేది కొడుకు. ఇది ఇంటింటి సంగతే. అలాంటప్పుడు బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏయే దేశాలు అన్నది స్పష్టంగా రాసిన అధికార పత్రం నోటరీ చేయించాలి. ‘మా అబ్బాయి నా బండి నడపవచ్చు’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. కొన్ని దేశాలు అపోస్టిల్ అడుగుతాయి. అంటే నోటరీ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. అపోస్టిల్ ఒప్పందంలో లేని యూఏఈ లాంటి దేశాలకైతే వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఈ తిరుగుడు పది రోజుల్లో అయ్యే పని కాదు. అన్నిటికన్నా తేలిక మార్గం, ఎవరి పేరు మీద ఆర్సీ ఉందో వాళ్లూ బండిలో ఉండడం.

తర్వాత ఛాసిస్ నంబరు. కారుకు ఇది ముందు సీటు కింద గానీ బానెట్ లోపల గానీ చెక్కి ఉంటుంది, బైకుకు హ్యాండిల్ మెడ దగ్గర ఉంటుంది. ఆ చోటును కొంచెం కిరసనాయిలు తడిపిన గుడ్డతో మట్టి, గ్రీజు పోయేలా తుడవండి. పలుచటి తెల్ల కాయితం ఒత్తి పట్టి, పెన్సిల్ మొనను పడుకోబెట్టి రుద్దండి. అక్షరాలు తెల్లగా తేలతాయి. దాన్ని ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. ఇప్పటి బండ్లకు 17 అక్షరాలుంటాయి, అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. మీ ఆర్సీలో ‘ఓ’ కనిపిస్తే అది సున్నాను తప్పుగా ఎక్కించిందే. ఆ ఒక్క అక్షరం సరిహద్దులో మీ బండిని ‘వేరే బండి’ చేసేస్తుంది. ఆర్టీఏ ఆఫీసులో దిద్దించుకుని, పాలసీలో కూడా దిద్దించండి. ఆ పెన్సిల్ ప్రింట్లు నాలుగు తీసి ఫైల్లో పెట్టుకోండి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పనికొస్తాయి.

అప్పు మీద కొన్న బండి అయితే ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది. అప్పు తీరినా ఆ పేరు దానంతటది పోదు. ఫారం 35 రెండు కాపీలు, కంపెనీ ఎన్‌ఓసీ పెట్టి హెచ్‌పీ, అంటే ఆర్సీ మీది ఆ అప్పు నమోదు, తీయించుకోవాలి. అప్పు ఇంకా నడుస్తుంటే, బండి దేశం దాటించడానికి అభ్యంతరం లేదని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అది లేకుండా తీసుకెళ్తే అప్పు ఒప్పందం ఉల్లంఘించినట్టే. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో చిన్న ఫైనాన్స్ దగ్గర తీసుకున్నవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. పట్టించుకోవాలి.

నంబరు ప్లేటు. ఏపీ 22, ఏపీ 24 నాటి పాత బండ్లను కొందరు తమంతట తామే టీజీ 06, టీజీ 05 అని మార్చి రాయించుకుంటున్నారు. అలా చేయకండి. ఆర్సీలో ఏముంటే ప్లేటు మీద అదే ఉండాలి. ప్లేటుతో పాటు వెనకవైపు దేశం గుర్తు అతికించాలి. తెల్లటి అండాకారం మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఐఎన్‌డీ’. 1949 జెనీవా రోడ్డు ఒప్పందం ప్రకారం అక్షరం ఎత్తు కనీసం 80 మిల్లీమీటర్లు, అండాకారం 240 మిల్లీమీటర్ల వెడల్పు, 145 ఎత్తు. హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ) ప్లేటు మీద ఉండే చిన్న ‘ఐఎన్‌డీ’ దీనికి బదులు కాదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్

ఫారం 4ఏ, లైసెన్సు, పాస్‌పోర్టు కాపీలు, 1,000 రూపాయల ఫీజు. వీసా, మెడికల్ సర్టిఫికెట్ కావాలన్న షరతును 2021లో తీసేశారు. మీ లైసెన్సు ఏ ఆర్టీఏ పరిధిలో ఉందో అక్కడే. ఏడాది పనిచేస్తుంది, అసలు లైసెన్సు ముందే ముగిస్తే అప్పటికే ముగుస్తుంది. కాబట్టి లైసెన్సు రెన్యువల్ దగ్గర్లో ఉంటే ముందు అది చేయించండి. పర్మిట్ ఒక్కటే చెల్లదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. విదేశంలో ఉండగా గడువు తీరితే అక్కడి భారత ఎంబసీ ద్వారా కొత్తదానికి అప్లై చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. నేపాల్, భూటాన్‌కు ఇది అవసరం లేదు, మన లైసెన్సే చెల్లుతుంది. చైనా ఈ పర్మిట్‌ను ఒప్పుకోదు, అక్కడ వాళ్ల తాత్కాలిక లైసెన్సు, తాత్కాలిక నంబరు ప్లేటు తీసుకోవాల్సిందే.

ఇన్సూరెన్స్‌తో దీనికేం సంబంధం అనుకోకండి. నడిపిన మనిషికి ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేదంటే క్లెయిమ్ మొదటి పేజీలోనే పోతుంది.

మన పాలసీని ఎంతదూరం సాగదీయవచ్చు

మోటారు పాలసీలో ‘భౌగోళిక పరిధి’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఇండియా’ అనే ఉంటుంది. దాన్ని పొడిగించే ఎండార్స్‌మెంట్ పేరు ఐఎంటీ-1. ఇది ఆరు దేశాలకే: బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు. 2002 మోటారు టారిఫ్‌లో ప్యాకేజీ పాలసీకి (మన బండి నష్టం కూడా ఇచ్చేది) 500 రూపాయలు, థర్డ్ పార్టీ పాలసీకి (ఎదుటివాళ్ల నష్టానికే) 100 రూపాయలు అని పెట్టారు. ఎన్ని దేశాలైనా అంతే, గరిష్ఠంగా 12 నెలలు. ఇప్పుడు కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ ఉండవచ్చు గానీ, పెద్ద మొత్తం కాదు. ఇంత చిన్న డబ్బు కట్టక లక్షల క్లెయిమ్ పోగొట్టుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఫోన్లో యాప్ ద్వారా రెన్యువల్ చేసేటప్పుడు ఈ ఆప్షన్ చాలాసార్లు కనిపించదు. బ్రాంచి ఆఫీసుకు పోయి లెటర్ ఇవ్వండి: పాలసీ నంబరు, దేశం పేరు, తేదీలు. డబ్బు కట్టిన రసీదుతో సరిపెట్టుకోకండి. దేశం పేరు అచ్చులో కనిపించే ఎండార్స్‌మెంట్ షెడ్యూల్ చేతికి రావాలి. ఏజెంటు ‘పంపించిన సార్, సిస్టంలో పడుతది’ అంటే, పడ్డాకే బయలుదేరండి.

ఈ పొడిగింపులో ఒక పెద్ద మినహాయింపు ఉంది. బండిని ఓడలోనో విమానంలోనో ఆ దేశానికి చేర్చే సమయంలో జరిగే నష్టం దీని కిందికి రాదు. అసలు మన ప్యాకేజీ పాలసీ రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, విమానంలో రవాణా అవుతుండగా జరిగే నష్టాన్ని ఒప్పుకుంటుంది. ఆ జాబితాలో సముద్రం లేదు. ఓడ అంటే వేరే పాలసీ తీసుకోవాల్సిందే.

ఆరు దేశాల అవతల, అంటే మయన్మార్, థాయ్‌లాండ్, ఇరాన్, యూఏఈ, యూరప్‌లో మన పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. రోడ్డు మార్గాల సంగతి కూడా తెలుసుకుని దిగండి. పాకిస్తాన్ సరిహద్దులోని అటారీ చెక్‌పోస్టు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత మణిపూర్‌లోని మోరే మీదుగా మయన్మార్ దారి మీద భరోసా పెట్టుకుని ప్లాన్ చేయవద్దు. పడమటి దేశాలకు పోయేవాళ్లకు ఆచరణలో మిగిలింది ముంబయి దగ్గర నవశేవా పోర్టే.

నేపాల్, భూటాన్

నేపాల్‌కు కార్నెట్ (బండిని తిరిగి తెస్తామని పూచీ ఇచ్చే పుస్తకం, దాని సంగతి కింద ఉంది) అక్కరలేదు. గేటు దాటిన వెంటనే భన్సార్ ఆఫీసులో, అంటే వాళ్ల కస్టమ్స్‌లో, ఆర్సీ ఒరిజినల్, లైసెన్సు చూపించి రోజుల లెక్కన డబ్బు కట్టాలి. రసీదు మీద బయటికి వచ్చే తేదీ ఉంటుంది. మీరు అనుకున్న రోజుల కన్నా రెండు రోజులు ఎక్కువే రాయించుకోండి. వానాకాలంలో ముగ్లింగ్ దారిలో కొండచరియలు పడితే బండి అక్కడే ఆగిపోతుంది, గడువు మాత్రం ఆగదు. ఏడాదికి మొత్తం 30 రోజులకు మించి ఒక బండిని ఉంచనివ్వరు. గడువు దాటితే జరిమానా, ముదిరితే బండి జప్తు. రాత్రి పూట గేటు దగ్గర ‘భన్సార్ అవసరం లేదు, నేను దాటిస్తా’ అనే బ్రోకర్లు తగులుతారు. భన్సార్ లేని బండికి యాక్సిడెంట్ అయితే, బండి అక్రమంగా ఆ దేశంలో ఉన్నట్టే లెక్క. ఐఎంటీ-1 కట్టినా దాన్ని నిలబెట్టుకోవడం చాలా కష్టం.

భూటాన్‌లో ఫుయెంట్‌షోలింగ్ దగ్గర బండికి విడిగా పర్మిట్ తీసుకోవాలి. మనిషికి రాత్రికి 1,200 రూపాయల ఫీజుతో పాటు బండికి కూడా రోజువారీ ఫీజు ఉంది. ఇద్దరే పోతుంటే బండి ఈవలే జైగావ్‌లో పెట్టి అక్కడి ట్యాక్సీ మాట్లాడుకోవడం చౌక పడవచ్చు, లెక్క వేసుకోండి.

కార్నెట్: బండికి పాస్‌పోర్టు

ఇది అర్థం కాకపోతే మిగతాది ఏదీ అర్థం కాదు, అందుకే కొంచెం నిదానంగా చదవండి.

ఏ దేశమైనా బయటి బండి లోపలికి వస్తే దిగుమతి సుంకం అడుగుతుంది. ‘నేను అమ్మను, తిరిగి తీసుకుపోతాను’ అని మీరు అంటే నమ్మడానికి పూచీ కావాలి. ఆ పూచీ పుస్తకమే కార్నెట్. మన దేశంలో ఆటోమొబైల్ అసోసియేషన్ల సమాఖ్య తరఫున ఇస్తారు. ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్‌ను సంప్రదిస్తే సరిపోతుంది. గడువు ఏడాది. ఎన్ని దేశాలకు పోతారో చూసుకుని 5, 10 లేదా 25 పేజీల పుస్తకం తీసుకోవాలి. ఒక దేశంలోకి ఒకసారి పోయి రావడానికి ఒక పేజీ ఖర్చవుతుంది. యూఏఈ నుంచి ఒమన్ పోయి మళ్లీ యూఏఈకి వస్తే యూఏఈకే రెండు పేజీలు. ఆ లెక్కన తీసుకోండి.

ఫీజు కన్నా బరువైంది బ్యాంకు గ్యారంటీ. బండి ధరను, తిరిగే దేశాలను బట్టి నిర్ణయిస్తారు. సుంకం ఎక్కువున్న దేశాలుంటే బండి ధరకు రెండింతలు, అంతకు మించి కూడా అడుగుతారు. బ్యాంకు ఆ గ్యారంటీ ఊరికే ఇవ్వదు, మార్జిన్ కింద ఎఫ్‌డీ పెట్టమంటుంది. అది టూరు అయ్యాక కూడా కొన్ని నెలలు ఇరుక్కుని ఉంటుంది. పొలం డబ్బో, పిల్ల పెళ్లికి దాచిందో దాంట్లో పెట్టకండి.

ఇప్పుడు పేజీ చూడండి. ఒక్కో పేజీ అడ్డంగా మూడు ముక్కలు. కింది ముక్క దేశంలోకి అడుగుపెట్టేటప్పుడు కస్టమ్స్ వాళ్లు చింపుకుంటారు. మధ్య ముక్క బయటికి వచ్చేటప్పుడు చింపుకుంటారు. పై ముక్క పుస్తకంలోనే ఉంటుంది. దాని మీద ఎడమా కుడీ రెండు ముద్రలు పడాలి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. కౌంటరు వదిలే ముందు ఆ పై ముక్క చూడండి. ముద్ర ఉందా, తేదీ చదవగలిగేలా ఉందా, సంతకం ఉందా. లేకపోతే అక్కడే నిలబడి వేయించుకోండి. వెనకాల లారీల లైను హారన్లు కొట్టినా కదలకండి. వంద కిలోమీటర్లు పోయాక గుర్తొస్తే వెనక్కి తిరగడమే మేలు.

బయటికి వచ్చిన ముద్ర లేకపోతే ఆ దేశం దృష్టిలో మీ బండి ఇంకా అక్కడే ఉంది. నెలల తర్వాత సుంకం, జరిమానా కట్టమని అసోసియేషన్‌కు నోటీసు వస్తుంది, వాళ్లు మీ గ్యారంటీ నుంచి రాబట్టుకుంటారు. అలాంటప్పుడు మీ బండి ఇండియాలో ఉందని అధికారులు చూసి ధ్రువీకరించిన పత్రం సమర్పించి పోరాడాలి. పేజీ ప్రతి ముద్రకూ ఫోటో తీసి, అదే రోజు ఇంటికి పంపేయండి.

కార్నెట్ బండి మీద నిషేధాలు గట్టివి. అక్కడ అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ఆ దేశంలో నివాసం ఉన్నవాళ్లకు నడపడానికి ఇవ్వకూడదు. దుబాయిలో ఉండే మేనమామ కొడుకు ‘బావా, ఒక రౌండ్ కొట్టొస్తా’ అంటే మొహమాటపడి తాళం ఇవ్వకండి. పట్టుకుంటే బండిని కస్టమ్స్ తీసుకుంటుంది, ఇన్సూరెన్స్ కూడా చెల్లదు.

చాలామందికి తెలియంది ఇంకోటుంది. బండి అక్కడ కాలిపోయినా, దొంగతనమైనా సుంకం బాధ్యత దానంతటది పోదు. తుక్కుగా మారిన బండిని మెకానిక్ షెడ్డులో వదిలేసి విమానం ఎక్కితే, ఆ తుక్కు మీద పూర్తి సుంకం మీ మీద పడుతుంది. కస్టమ్స్‌కు రాసిచ్చి, వాళ్ల ఎదుట ధ్వంసం చేయించడమో వాళ్లకే అప్పగించడమో చేసి, కార్నెట్ మీద రాయించుకోవాలి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు తీసుకుని వెంటనే అసోసియేషన్‌కు చెప్పాలి. ఈ సుంకాన్ని ఏ మోటారు పాలసీ కూడా ఇవ్వదు.

ఓడ మీద

మెరైన్ పాలసీలో మూడు రకాల క్లాజులుంటాయి: ఏ, బీ, సీ. సీ అన్నిటికన్నా చౌక. ఓడ మునగడం, కాలడం, ఢీకొనడం లాంటి పెద్ద ప్రమాదాలకే. దొంగతనం, సొట్టలు దాంట్లో లేవు. ఏ క్లాజు విస్తృతమైంది, అదే తీసుకోండి. పాత బండి కాబట్టి కంపెనీ ‘గీతలు, సొట్టలు, ఎలక్ట్రికల్ లోపాలు మినహా’ అని పక్కన రాసే అవకాశం ఉంది, ఆ వాక్యం వెతికి చదవండి. ఏ క్లాజులో కూడా ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఉండదు. యుద్ధం, సమ్మెలకు విడిగా కట్టాలి. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద జరిగిన దాడుల తర్వాత యూరప్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. ఆ దారి పట్టే ఓడైతే ప్రయాణం వారాల కొద్దీ పెరుగుతుంది, కార్నెట్ ఏడాది గడువు మాత్రం ఓడలో కూడా కరిగిపోతూనే ఉంటుంది.

‘జనరల్ యావరేజ్’ అనే మాట గుర్తుపెట్టుకోండి. ఓడను కాపాడడానికి పెట్టిన ఖర్చును సరుకు యజమానులందరూ పంచుకోవాలన్న పాత సముద్ర న్యాయం. 2021 మార్చిలో ‘ఎవర్ గివెన్’ సూయజ్ కాలువలో ఇరుక్కున్నప్పుడు అదే ప్రకటించారు. మీ బండికి గీత కూడా పడకపోయినా, పూచీ కట్టేదాకా కంటైనర్ వదలరు. మెరైన్ పాలసీ ఉంటే కంపెనీ ఆ పూచీ ఇస్తుంది. లేకపోతే మీరే నగదు కట్టాలి.

ఓడ నుంచి దించిన తర్వాత 60 రోజులకు మెరైన్ పాలసీ ముగుస్తుంది. కస్టమ్స్ కాయితాల కోసం బండి పోర్టులో మూడు నెలలు పడి ఉంటే చివరి నెల దానికి ఏ కవరూ ఉండదు.

కంటైనర్‌లోకి ఎక్కించే రోజు ట్యాంకులో పావుకు మించి పెట్రోలు ఉంచకండి, బ్యాటరీ వైరు తీయించండి. నలువైపులా, పైకప్పు, టైర్లు, కిలోమీటర్ల మీటరు, కంటైనర్ సీలు నంబరు ఫోటోలు తీసుకోండి. ఎల్పీజీ, సీఎన్‌జీ కిట్ ఉంటే ముందే ఓడ కంపెనీకి చెప్పాలి. ఆర్సీలో ఎక్కని కిట్ అయితే అసలు తీసుకెళ్లకండి. బండి లోపల పెట్టిన సామాను మెరైన్ పాలసీలోకి రాదు. గల్ఫ్ వైపు పోతుంటే డిక్కీలో మసాలా డబ్బా కూడా వెతకండి. గసగసాలు యూఏఈలో నిషేధిత మత్తు పదార్థం, జైలు దాకా పోతుంది.

దిగాక అక్కడి రోడ్డు మీద

యూరప్‌లో ఒక దేశపు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇంకో దేశంలో చెల్లేలా గ్రీన్ కార్డ్ అనే ఏర్పాటు ఉంది, అందులో ఇండియా సభ్యురాలు కాదు. కాబట్టి మొదటి సరిహద్దులోనే ఫ్రంటియర్ ఇన్సూరెన్స్, అంటే సరిహద్దులో అమ్మే థర్డ్ పార్టీ పాలసీ, కొనాలి, సాధారణంగా కనీసం నెలకు. అరబ్ దేశాల మధ్య గ్రీన్ కార్డ్ లాంటిదే ఆరెంజ్ కార్డ్ నడుస్తుంది. అది దొరకని చోట ప్రతి దేశం గేటు దగ్గర అక్కడి థర్డ్ పార్టీ తీసుకోవాలి. పత్రం మీద దేశాల సంకేతాలుంటాయి, కొట్టేసి ఉన్న దేశంలో అది చెల్లదు. ఒక్కో గడీ చూసుకోండి.

మన దగ్గర కారు థర్డ్ పార్టీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి పరిమితి 7.5 లక్షలు, బైకుకు లక్ష. యూరోపియన్ యూనియన్‌లో ఆస్తి నష్టానికి చట్టం పెట్టిన కనీస మొత్తం 13 లక్షల యూరోలు. రూపాయల్లో పది కోట్లకు పైమాటే. అక్కడ ఒక్క గుద్దుకు నష్టం ఎంత దూరం పోగలదో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఈ సరిహద్దు పాలసీలన్నీ ఎదుటివాళ్ల నష్టానికే. మీ బండి నష్టానికి ఏదీ ఉండదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకోకండి. అందులో ‘వ్యక్తిగత బాధ్యత’ అని ఉన్నా, మోటారు వాహనం వల్ల వచ్చిన బాధ్యతను మినహాయించడం మామూలే. ఆస్పత్రి ఖర్చుకు మాత్రం అది తప్పనిసరి. స్వయంగా బండి నడిపినా, బైకు ఎన్ని సీసీ అయినా వర్తిస్తుందా అని కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

యాక్సిడెంట్ అయితే

ముందు గాయపడ్డవాళ్లు, తర్వాత పోలీసులు. బండి కదపకముందే ఫోటోలు. నేపాల్‌లో గానీ గల్ఫ్‌లో గానీ మనిషి ప్రాణం పోతే తప్పెవరిదైనా డ్రైవర్‌ను అదుపులోకి తీసుకునే అవకాశం ఎక్కువ. గల్ఫ్‌లో దియా, అంటే ప్రాణానికి పరిహారం, తేలేదాకా దేశం దాటనివ్వకపోవచ్చు. మీకు రాని భాషలో ఉన్న కాయితం మీద సంతకం పెట్టకండి. భారత ఎంబసీకి ఫోన్ చేయించమని, అనువాదకుడు కావాలని అడగడం మీ హక్కు. అక్కడికక్కడ డబ్బిచ్చి రాజీ పడితే, ఇన్సూరెన్స్ కంపెనీని అడగకుండా బాధ్యత ఒప్పుకున్నట్టవుతుంది. తర్వాత క్లెయిమ్ నిలవదు.

ఐఎంటీ-1 ఉన్న దేశంలో అయితే అదే రోజు మన కంపెనీకి ఫోన్, మెయిల్ రెండూ. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందే రిపేరు మొదలుపెట్టకండి. క్యాష్‌లెస్ అక్కడ ఉండదు, జేబులోంచి కట్టి బిల్లులు తేవాలి. పోలీసు రిపోర్టు నేపాలీలో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. బండి లాక్కురావడానికి మామూలు కారు పాలసీ ఇచ్చేది 1,500 రూపాయలే. నేపాల్ కొండల్లోంచి కింద బుట్వల్ పట్టణం దాకా లాగించే ఖర్చు అందులో ఏమూలకూ చాలదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ సరిహద్దు దాటి వస్తుందా అని ముందే అడగండి.

బండి పోలీసుల దగ్గర ఉండిపోతే కార్నెట్ గడువు తీరకముందే పొడిగింపుకు రాయాలి. తీరాక రాస్తే ఉపయోగం ఉండదు.

తిరిగి వచ్చేటప్పుడు

బండి విదేశంలో ఉందని ఇక్కడి పాలసీ రెన్యువల్ వదిలేయకండి. గడువు తీరి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొత్తం పోతుంది. ఐదేళ్లు కష్టపడి సంపాదించిన 50 శాతమైనా సరే. పైగా మధ్యలో తెగిన పాలసీని మళ్లీ ఇవ్వాలంటే బండిని చూడాలంటారు. బండేమో ఓడలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో గడువుకు ముందే కట్టేయండి. నవశేవాలో దిగి సోలాపూర్ మీదుగా 65వ నంబరు హైవే పట్టి సూర్యాపేట రావాలన్నా పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ బతికి ఉండాలి.

పోయేటప్పుడు మన కస్టమ్స్ ఇచ్చిన ఎగుమతి కాయితాలు పోగొట్టుకుంటే, మీ సొంత బండే ‘దిగుమతి చేసుకున్న పాత కారు’ అవుతుంది. దాని మీద సుంకం బండి ధరను మించుతుంది. అదే బండి తిరిగి వచ్చిందని నిరూపిస్తే, సాధారణంగా మూడేళ్లలోపు మినహాయింపు ఉంటుంది. అక్కడే ఆ పెన్సిల్ ప్రింట్లు, ఫోటోలు బయటికి తీయాలి. మధ్యలో ఇంజిన్ మార్చి ఉంటే ఆ బిల్లు కూడా.

ఇంటికి చేరిన వారంలోపే కార్నెట్ పుస్తకాన్ని, వాడని పేజీలతో సహా, అసోసియేషన్‌కు తిరిగి పంపండి. పంపేముందు ప్రతి పేజీ రెండు వైపులా స్కాన్ చేసి ఉంచుకోండి. వాళ్లు ముద్రలన్నీ సరిచూసి విడుదల లేఖ ఇస్తారు. ఆ లేఖ తీసుకుని బ్యాంకుకు పోతేనే గ్యారంటీ రద్దయి ఎఫ్‌డీ మీ ఖాతాలోకి వస్తుంది. లేఖ వచ్చేదాకా బండి అమ్మకండి. ఏదైనా దేశం నుంచి నోటీసు వస్తే, ఛాసిస్ నంబరుతో సహా చూపించడానికి మీ దగ్గర ఉండాల్సింది ఆ బండే.